వరస ఏ టేబుల్లో పెట్టాలి

పిల్లల గది కావాలని మా ఫ్యాక్టరీలో పదకొండు రోజులు మెషిన్లు ఆపాం. గది వచ్చింది. దాంతోపాటు కాగితం మీద ఒక షరతూ వచ్చింది. గదిని ఆడవాళ్ల కమిటీయే నడుపుకోవచ్చు గానీ, ఏ బిడ్డను ఎవరెవరు తీసుకెళ్లవచ్చో, ఏ రోజు ఎవరు తీసుకెళ్లారో అంతా కంప్యూటర్లో ఉండాలి. నెల తిరిగాక లేబర్ ఆఫీసు నుంచి అధికారి వచ్చి చూస్తారు. ఆ రోజు ఒక్క బిడ్డ వెళ్లకూడని చేతిలోకి వెళ్లినా, తీసుకెళ్లే హక్కున్న మనిషిని రిజిస్టరు వట్టి చేతులతో పంపినా, గది మేనేజ్‌మెంటు పిలిచిన కాంట్రాక్టరుకు పోతుంది. కాంట్రాక్టరు పద్ధతి మాకు ముందే తెలుసు, సమ్మెలో వద్దన్నదీ దాన్నే. ఒక బిడ్డకు ఒకే పేరు. ఆ పేరున్న మనిషి వస్తేనే బిడ్డ గడప దాటుతుంది.

ఒక బిడ్డకు ఒకే పేరంటే మా వదిన ఇంట్లో ఒక ఉద్యోగం ఊడినట్టే. వదినా, ఆమె చెల్లెలూ ఇద్దరూ కుట్టు లైన్లలోనే పనిచేస్తారు. ఒకరిది ఉదయం ఆరు నుంచి రెండు దాకా, ఇంకొకరిది పది నుంచి సాయంత్రం ఆరు దాకా. వారం వారం మారుతుంటుంది. వదిన కూతురు పిట్టకు నాలుగేళ్లు. చెల్లెలి కూతురికి మూడు. నడక వచ్చిన రోజు నుంచి ఎవరి కాళ్ల మధ్యకైనా దూసుకుపోతుంది కాబట్టి దాన్ని బుల్లెట్టు అంటాం. పదింటికి పనిలోకి వచ్చే మనిషి ఇద్దరినీ గదిలో దింపుతుంది. రెండింటికి దిగే మనిషి ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్తుంది. తెచ్చేది ఒకరు, తీసుకెళ్లేది ఇంకొకరు. మా అన్న లారీ మీద పోతే పది రోజులకు గానీ కనపడడు. చెల్లెలి మొగుడి సంగతి అడక్కండి.

ఆ కంప్యూటర్ పని నా నెత్తిన పడింది. నేను ప్యాకింగ్ సెక్షన్. మా హాజరు మెషిన్ ఆడవాళ్ల వేలిముద్రలు ఎందుకు తప్పు చదువుతోందో తేల్చుకుందామని మూడేళ్ల క్రితం ఫోన్లో పాఠాలు చూడటం మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు, ఎవరినీ బతిమాలలేదు. స్పేస్ బార్ ఎడమ సగం పనిచేయని పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. అప్పట్నుంచి అందరూ నన్ను కంప్యూటరక్క అంటారు. గది చూసుకునే ఆయా మాత్రం అక్క కూడా తీసేసింది.

మొదటి వారం నేను కట్టింది చూపిస్తే ఆయా స్క్రీన్ మీదికి వంగి చూసింది. పిల్లల టేబుల్. ఒక్కో వరుసలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చివర్లో తీసుకెళ్లే మనిషికి ఒక గడి.

"ఏమే కంప్యూటరూ, కాంట్రాక్టరు దగ్గర ట్రైనింగ్ అయ్యావా?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. పదకొండు రోజులు దేన్ని వద్దని గొంతు చించుకున్నానో దాన్నే నా చేత్తో కట్టుకొచ్చాను. ఎవడో బలవంతం చేసి కాదు, అదే సులువని. మళ్లీ కూర్చుని మనిషి ఒకటి, మనిషి రెండు, మనిషి మూడు అని మూడు గడులు పెట్టాను. నాలుగో మనిషి వస్తే అని ఆయా అడగకముందే నాకే అసహ్యం వేసి పీకేశాను.

ఫ్రేమ్‌వర్క్ అంటే వెబ్‌సైట్లు కట్టేవాళ్ల కోసం ముందే కోసి పెట్టిన ముక్కల కట్ట. కటింగ్ సెక్షన్ నుంచి మాకు కాలర్లూ చేతులూ విడివిడిగా వచ్చినట్టు. అందులో ఇలాంటి చిక్కుకు ఒక ముక్క ఉందని మూడో వారంలో కనిపెట్టాను. మెనీ టు మెనీ అంటారు. పిల్లలకొక టేబుల్, పెద్దవాళ్లకొక టేబుల్, రెండింటి మధ్యా మూడోది. ఆ మూడో టేబుల్లో ఒక్కో వరుస ఒక్కటే మాట చెప్తుంది: ఈ బిడ్డ, ఈ మనిషి. ఒక బిడ్డకు పదిమంది ఉండొచ్చు, ఒక మనిషికి పదిమంది పిల్లలుండొచ్చు. ఒక్క లైను రాస్తే ఆ మధ్య టేబుల్ని ఫ్రేమ్‌వర్కే కట్టిపెడుతుంది. ఆ లైను రాసిన మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న డబ్బా మూత తీయడం కూడా మరిచాను. నలభై ఒక్క మంది పిల్లలు, డెబ్భై మంది పెద్దలు, నూట పదమూడు వరుసలు. వదినకు పిట్ట, వదినకు బుల్లెట్టు, చెల్లెలికి పిట్ట, చెల్లెలికి బుల్లెట్టు. నాలుగు వరుసల్లో ఒక కాపురమంతా సర్దుకుపోయింది.

స్క్రీన్ మీద వరస కూడా కనపడాలని మేనేజరు కబురు పెట్టాడు. దానికేముందనుకున్నాను. ఫారంలో పేరు, ఫోటో, వరస పక్కపక్కనే ఉన్నాయి. పేరు పెద్దవాళ్ల టేబుల్లోకి ఎక్కింది, ఫోటో అక్కడికే ఎక్కింది, వరసనూ అక్కడికే ఎక్కించాను. అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాతయ్య, అక్క, పిన్ని అని ఆరు మాటల జాబితా పెట్టి, ఎంచుకోండి అన్నాను. వదిన పిట్ట కోసం ఫారం నింపినప్పుడు అమ్మ అని ఎంచింది. చెల్లెలు బుల్లెట్టు కోసం నింపినప్పుడు అమ్మ అని ఎంచింది. తర్వాత అక్కాచెల్లెళ్లను రెండో బిడ్డకు కలిపేటప్పుడు నేను మళ్లీ వాళ్లనేమీ అడగలేదు.

తప్పు అక్కడే పడింది. ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే ఆయా స్క్రీన్ మీద మాటలు చదవదు. ఆమె పద్ధతి ఆమెకుంది. తీసుకెళ్లే ప్రతి మనిషికీ రెండు రంగుల దారం పురి, ఇంకెవరికీ లేని జత. అది ఆ మనిషి గుర్తింపు కార్డు తాడుకు కట్టి ఉంటుంది. అలాంటి పురే బిడ్డ సంచికీ ఉంటుంది. ఒక ముడి ఉంటే మొదటి వారం, రెండు ముళ్లుంటే రెండో వారం, మూడుంటే ఎప్పుడైనా. వద్దనుకున్న రోజు తల్లి వచ్చి సంచి మీద పురి కత్తిరిస్తుంది. దారం దారంతో సరిచూశాక కూడా ఆయా బిడ్డను వదలదు. బిడ్డ వైపు తిరిగి "ఎవరొచ్చారే?" అంటుంది. బిడ్డ నోరు తెరిచి ఏదో ఒకటి పిలవాలి. అప్పుడే తలుపు.

ఇది పాతకాలపు చాదస్తం అని నేను కమిటీ మీటింగులో అన్నాను. రాసి పెట్టుకున్నారు కూడా.

తనిఖీ రోజు రెండుకు పది నిమిషాలుండగా మేనేజరు వెంట అధికారిణి వచ్చింది. నడివయసు, నూనె పెట్టి బిగించిన జడ, చంకలో అట్ట వేసిన పుస్తకం. పిల్లల చెప్పుల అర పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. గదిలో పాలూ తడి గుడ్డలూ కలిసిన వాసన. సైరన్ మోగింది. మొదటి షిఫ్టు దిగి వరండాలో క్యూ కట్టింది. అందరికంటే ముందు మా వదిన.

తలుపు దగ్గరి స్క్రీన్‌కు కార్డు పెట్టగానే వదిన ఫోటో, పక్కన ఇద్దరు పిల్లల పేర్లు, పచ్చ గుర్తులు. పిట్ట బయటికొచ్చింది. బుల్లెట్టు గడప మీద కాలు పెట్టేలోపు మేనేజరు చెయ్యి అడ్డం పెట్టి, స్క్రీన్ మీద దాని పేరు నొక్కాడు. దాని పేజీలో ఇద్దరు మనుషులు. మొదటి మనిషి ఎదురుగా అమ్మ. రెండో మనిషి ఎదురుగా అమ్మ.

అతను అధికారిణి వైపు తిరిగి చాలా మర్యాదగా చెప్పాడు. ఈ పాపకు రికార్డులో ఇద్దరు తల్లులున్నారు, ఇద్దరిలో ఒకరు అబద్ధం రాయించారు, ఏది నిజమో తేలేదాకా పాపను పంపడం క్షేమం కాదు, రెండో ఆవిడ ఆరింటికి షిఫ్టు దిగి వస్తే కాగితాలు చూద్దాం అని. వదిన చెల్లెలు అప్పుడు రెండో లైన్లో మెషిన్ మీద ఉంది. షిఫ్టు మధ్యలో లైను వదిలితే గేటు బయటికే అని గది ఇచ్చిన అదే ఒప్పందంలో ఇంకో వాక్యం ఉంది. అతనికి ఆ వాక్యం నాకంటే బాగా కంఠతా వచ్చు.

వదిన కదల్లేదు. పిట్ట చెయ్యి ఒక చేతిలో ఉంది, రెండో చెయ్యి గడప మీద చాచే ఉంది. "ఒకదాన్ని తీసుకెళ్లి ఒకదాన్ని వదిలెయ్యమంటారా సార్? ఏదాన్ని వదలాలో అది కూడా మీరే రాసివ్వండి" అంది. గొంతు పెంచలేదు. వెనక క్యూలో ఇరవై మందికి పైగా ఆడవాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు.

నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చాప మీద కూలబడ్డాను. ఏం జరిగిందో చూడగానే తెలిసింది. వదిన ఒక్కతే మనిషి, టేబుల్లో ఆమెకు ఒకటే వరస గడి. ఆ గడిలో ఏ మాట పెట్టినా ఇద్దరు పిల్లల్లో ఒకరికి అది అబద్ధం.

సులువు దారి ఒకటుంది. వదినను ఇంకోసారి కొత్త మనిషిగా ఎక్కించి, జాబితాకు పెద్దమ్మ అని చేర్చి, వరసగా అదే పెట్టి, బుల్లెట్టును ఆ రెండో వదినకు కలిపేస్తే చాలు. రెండు నిమిషాల పని. ఎవరూ పట్టుకోలేరు. పేరు సగం కొట్టాను కూడా. అంతలో మూడో లైన్లో పోయినేడు జరిగింది గుర్తొచ్చి వేళ్లు ఆగాయి. హాజరు మెషిన్ ఒకామెకు రెండు నంబర్లు వేసింది. సగం రోజులు ఒక నంబరు మీద, సగం రోజులు ఇంకో నంబరు మీద. ఏ నంబరు తీసి చూసినా ఆవిడ సగం రోజులే పనిలోకి వచ్చిన మనిషి. తీసేశారు. ఆ రోజు మెషిన్ని తిట్టింది నేనే. ఒక మనిషిని రెండు చేసే పని ఇప్పుడు నా చేత్తో చెయ్యను. కొట్టిన సగం పేరు చెరిపేశాను.

వరసను మధ్య టేబుల్లోకి జరపాలి. ఈ బిడ్డ, ఈ మనిషి, వీళ్లిద్దరి మధ్య ఏమిటి, ఏ వారం. దానికి మధ్య టేబుల్ని ఫ్రేమ్‌వర్క్ చేతికి వదలకుండా నేనే సొంతంగా రాసుకోవాలి. రాశాను. అమలు చేస్తే ఎర్రర్ వచ్చింది. ఇప్పటికే ఉన్న సంబంధాన్ని ఈ రకంగా మార్చడం కుదరదట. పక్కన కొత్త టేబుల్ కట్టి, నూట పదమూడు వరుసలూ అందులోకి తోడి, పాతదాన్ని కూల్చాలి. అంతసేపూ స్క్రీన్ ఉండదు.

లేచి అధికారిణి ముందు నిలబడ్డాను. "మేడమ్, వీళ్లెవరూ అబద్ధం రాయించలేదు. వరస పెట్టకూడని చోట పెట్టింది నేను. సరిచేస్తాను. ఇరవై నిమిషాలు స్క్రీన్ ఆపాలి" అన్నాను.

మేనేజరు ముఖం వెలిగింది. మరి అంతసేపూ పిల్లలు ఎలా వెళ్తారని అడిగాడు.

"నేనిస్తా. ఇన్నాళ్లూ ఇచ్చింది నేను కాక నువ్వా?" అంది ఆయా. అతన్ని నువ్వు అని ఫ్యాక్టరీలో పిలిచేది ఆమె ఒక్కతే. అతని కొడుకును కూడా రెండేళ్లు ఎత్తుకుని తిరిగింది.

అధికారిణి ఒక సంచి తెప్పించుకుంది. మూడు పురులు, ముళ్లు. క్యూలో ఒకామె కార్డు తాడు అడిగి పక్కన పెట్టి చూసింది. ఇంకో సంచి, ఇంకో తాడు. తర్వాత పుస్తకం తెరిచి, ఇవ్వమన్నట్టు తల ఊపింది. బుల్లెట్టు సంగతి మాత్రం స్క్రీన్ వచ్చాకే అంది. వదిన పిట్టను ఎత్తుకుని గోడకు ఆనుకుంది. లోపల బుల్లెట్టు చెప్పుల అర కింద దూరి కూర్చుంది. దూసుకురాలేదు. అదే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

స్క్రీన్ ఆపాను. కొత్త టేబుల్ కట్టాను. పాత వరుసలు తోడుతున్నాను. వరస గడులన్నీ ఖాళీ, ఎందుకంటే పాతవి నమ్మడానికి లేదు. నా వెనక ఆయా ఒక్కొక్క బిడ్డనూ అడుగుతోంది. ఎవరొచ్చారే? అమ్మ. ఎవరొచ్చారురా? తాత. ఒకే ముసలామెను ఒక పిల్ల అమ్మమ్మ అంది, దాని వెనకాలే వచ్చిన పిల్లాడు నానమ్మ అన్నాడు. నా టేబుల్లో ఆమె ఇద్దరికీ అమ్మమ్మే. వారం రోజులుగా అంతే. నాకు ఒళ్లు మండింది, నా మీదే. దారం మీద వరస ఎక్కడా లేదు, ఆయా దాన్ని దారం మీద పెట్టనేలేదు. పిలిచే నోటి దగ్గర అడిగి తీసుకుంటోంది. నేనూ అక్కడే తీసుకోవడం మొదలుపెట్టాను. వాళ్లు పిలుస్తున్నారు, నేను కొడుతున్నాను. ఒకటి పక్కింటామ్మ అంది. నా ఆరు మాటల జాబితాలో పక్కింటామ్మ లేదు. ఇంకొకటి సైకిల్ మామ అని కేక పెట్టింది. జాబితా పీకేశాను. ఎవరేం పిలిస్తే అదే రాసుకునే ఖాళీ గడి పెట్టాను.

ఇరవై నిమిషాలన్నది ముప్పై ఐదయింది. క్యూ అయిపోయింది. స్క్రీన్ మళ్లీ వెలిగింది. వదిన కార్డు పెట్టింది. పిట్ట ఎదురుగా అమ్మ. బుల్లెట్టు ఎదురుగా ఖాళీ.

ఆయా చెప్పుల అర కిందికి వంగింది. "ఎవరొచ్చారే?"

"ఎవరూ రాలేదు" అంది బుల్లెట్టు.

అలిగింది. మూడేళ్ల పిల్లను తలుపు దగ్గర ఆపి, అందరినీ పంపి దాన్నొక్కదాన్నే ఉంచితే అలగదా? కానీ ఆ మాట అధికారిణి కూడా విన్నది, మేనేజరూ విన్నాడు. అతను గొంతు సవరించుకున్నాడు. బతిమాలి ఏదైనా చెప్పిస్తే చెప్పించినట్టే అవుతుందని వదినకు తెలుసు. పెదాలు బిగబట్టి నిలబడింది. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి ఊరికే ఉండటం తప్ప ఏమీ చేయలేను. నా జీవితంలో నాకు చేతకానిది అదొక్కటే.

పిట్ట తల్లి చంక దిగింది. వంగి అర కిందికి చూసి, "మా అమ్మ వచ్చింది కనపడటం లేదా" అంది విసుగ్గా.

"నీకు అమ్మ. నాకు పెద్దమ్మ" అని లోపల్నుంచే గట్టిగా జవాబొచ్చింది. "ముందు నా పెద్దమ్మ."

పెద్దమ్మ అని కొట్టాను. స్పేస్ బార్ అవసరం పడలేదు.

మేనేజరు ఊరుకోలేదు. ఏదేమైనా హక్కున్న మనిషిని నలభై నిమిషాలు ఆపారు, షరతు తప్పినట్టే అన్నాడు. అధికారిణి నా ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, రెండు గంటల ప్రాంతంలో స్క్రీన్ ఏం చెప్పిందో చూపించమంది. లాగ్ తీశాను. రెండు గంటల నాలుగు నిమిషాలకు వదిన కార్డు, పిట్టకు అనుమతి, బుల్లెట్టుకు అనుమతి. "రిజిస్టరు పంపమంది. ఆపింది మీ చెయ్యి" అని ఆవిడ పుస్తకంలో రాసుకుంది. వరస తప్పుగా చూపినది ఎవరని అడిగింది. నేనే అన్నాను. అదీ రాసుకుంది. గది కమిటీ దగ్గరే ఉంటుందని, నెలలోపు ప్రతి వరుసకూ ఆ బిడ్డ తల్లి చేతో తండ్రి చేతో సంతకం చేయించి ఉంచాలని అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాంగ్మూలం రాసివ్వడానికి వదినను ఆఫీసులోకి రమ్మంది.

పిల్లలిద్దరూ ఆకలి మీదున్నారు. నా షిఫ్టూ అయిపోయింది. ల్యాప్‌టాప్ సంచిలో పడేసి, నేను తీసుకెళ్తాలే వదినా, నువ్వు వెనక రా అని చెరో చెయ్యి పట్టుకున్నాను. గడప దాటబోతే ఆయా అడ్డంగా నిలబడింది.

"నీ దారం ఏదే?"

నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు. ఆమె భుజం మీదుగా అధికారిణి నన్నే చూస్తోంది, పుస్తకం ఇంకా మూయలేదు. అప్పుడు వెలిగింది. టేబుళ్లు కట్టింది నేను, వాటి పాస్‌వర్డు తాళాలన్నీ నావి. కానీ డెబ్భై మంది పెద్దల్లో నేను లేను. పిట్టకు సొంత మేనత్తను, బుల్లెట్టుకూ వరసకు అత్తనే, ఇద్దరి ఎదురుగానూ నా పేరున్న వరుస ఒక్కటీ లేదు. ఇంకో అడుగు వేసి ఉంటే గదిని నేనే కాంట్రాక్టరుకు అప్పగించేదాన్ని.

చేతులు వదిలేశాను. వదిన పిట్ట కోసం అక్కడికక్కడే సంతకం పెట్టగలదు, బుల్లెట్టు కోసం పెట్టలేదు. దాని తల్లి సంతకం కావాలి, తల్లి ఆరింటిదాకా మెషిన్ మీద ఉంటుంది. తాళాలు నా దగ్గరున్నాయి కదా, ఒక్క నిమిషంలో నన్ను నేను ఎక్కించుకోవచ్చు. మేనేజరుకూ రేపు అదే బుద్ధి పుట్టొచ్చు. అనుమతిచ్చింది ఎవరన్న గడి కూడా ఆ వరుసలో ఉండాలి. రాసుకున్నాను.

చాప మీద ముగ్గురం కూర్చున్నాం. ఆయా చెరో అరటిపండు ఇచ్చింది, నాకు ఇవ్వలేదు. బుల్లెట్టు తింటూ నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నువ్వెవరి కోసం వచ్చావ్ అత్తా?"

"ఎవరి కోసమూ రాలేదు" అన్నాను.

ముప్పావు గంటకు వదిన తిరిగొచ్చింది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు అందరికీ వినపడింది. అయినా ఆయా తలుపు మూసి, పిల్ల వైపు తిరిగి అడిగింది. ఈసారి బుల్లెట్టు పేరుకు తగ్గట్టు పోయి పెద్దమ్మ కడుపులో తల కొట్టింది.

వాళ్లు వెళ్లాక నేను ఇంటికి వెళ్లలేదు. బుల్లెట్టు తల్లి సంతకానికి, వదిన పేరున ఒకటి, నా పేరున ఒకటి, రెండు ఖాళీ ఫారాలు చేత పట్టుకుని రెండో లైను బయట నిలబడ్డాను. సైరన్‌కు ఇంకా రెండున్నర గంటలుంది. గోడవతల ఎనభై మెషిన్లు ఒక్కసారే కుడుతున్నాయి. వాటిలో వదిన చెల్లెలిది ఏదో చప్పుడును బట్టి కనిపెట్టాలని చూస్తూ నిలబడ్డాను.